మావయ్యగారి చెవి

మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు మా మావయ్యగారికి వినిపించేవాళ్లం, ఆ తర్వాతే మెకానిక్కుకి చూపించేవాళ్లం. మిక్సీ అరిచినా, ఫ్యాను మూలిగినా, నీళ్ల మోటారు గొంతు మారినా గోపాలకృష్ణమూర్తిగారు పడక్కుర్చీలోంచి లేవకుండానే జబ్బేమిటో చెప్పేసేవారు. ఉద్యోగమంతా సంగీత కళాశాలలో వయొలిన్ పాఠాలు చెప్పిన మనిషి. కొవ్వూరులో ఆయన చెవికి ఉన్న పరపతి ఎమ్మెల్యే మాటకి కూడా లేదు. మా వీధి చివర కార్ల షెడ్డు నడిపే దుర్గాసాయి, ఏ బండి రోగమైనా అంతుపట్టకపోతే బానెట్టు ఎత్తిపెట్టి ఆయనకి కబురు చేసేవాడు. ఆయన పంచె అంచు ఎత్తి పట్టుకుని, కళ్లు మూసుకుని ఇంజను మీదికి వంగేవారు. కాసేపటికి "బెల్టు" అనో "టాపెట్లు" అనో చెప్పేవారు. చాలామటుకు అదే అయ్యేది.

ఆ చెవి దెబ్బ నేనూ తిన్నాను. కాపురానికొచ్చిన తొలి శ్రావణ శుక్రవారం పేరంటాళ్ల మధ్య కూర్చుని మంగళహారతి పాడుతున్నాను. సావిట్లోంచి ఆయన గొంతు వినపడింది. "గాంధారం దిగిందమ్మా, హైమా." పేరంటాళ్లంతా నవ్వారు. ఆయన ఎగతాళికి అనలేదు, స్వరం శ్రుతి తగ్గితే శిష్యులతో రోజూ అనే మాటే అది. కానీ నేనసలే మొండిఘటాన్ని. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో నోరు విప్పి పాడితే ఒట్టు. ఆఖరికి స్నానాల గదిలో కూనిరాగం కూడా తియ్యలేదు. లెక్కల టీచరుకి రాగాలెందుకులే అని సరిపెట్టుకున్నాను గానీ, ఆ ముల్లు లోపల అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు చెప్పబోయేది కిందటి కార్తీకంలో జరిగింది. కార్తీకం వచ్చిందంటే మావయ్యగారికి ఊపిరాడదు. ఇవాళ ఒక ఊరి గుడి, రేపు ఇంకో ఊరి గుడి, ప్రతి సాయంత్రం ఎక్కడో అక్కడ కచేరీ. మా ఆయన మణిశంకర్‌కి కాకినాడ బ్యాంకులో ఉద్యోగం, ఆదివారం తప్ప ఇంటి పట్టున ఉండరు. కాబట్టి మా పాత కారుకి డ్రైవర్ని నేనే. స్కూలు నుంచి రావడం, కాఫీ తాగడం, వయొలిన్ పెట్టె వెనక సీట్లో పెట్టి ఆయన్ని పక్కన ఎక్కించుకోవడం. నిజం చెప్పాలంటే ఆ ప్రయాణాలు నాకిష్టంగానే ఉండేవి.

ఆ ఏడాది మాత్రం ఆయన ధ్యాసంతా పౌర్ణమి కచేరీ మీదే ఉంది. పూజిత అని డిగ్రీ చదివే అమ్మాయి, చిన్నప్పటి నుంచీ ఆయన దగ్గరే నేర్చుకుంది. గోష్పాద క్షేత్రంలో గోదావరి ఒడ్డున మొదటిసారి తనంతట తాను కచేరీ చెయ్యబోతోంది. "ఇక కొత్త శిష్యుల్ని తీసుకోనమ్మా, ఈ పిల్లతో సరి. ఈ పిల్లని గట్టెక్కిస్తే నా పని అయినట్టే" అనేవారు దారి పొడవునా.

పెనుగొండ వెళ్తుండగా మొదటిసారి విన్నాను ఆ కూత. సన్నగా, చెవి పక్కన దోమ తిరిగినట్టు. యాక్సిలరేటర్ తొక్కితే పైకి లేస్తోంది, వదిలితే దిగుతోంది. ఏసీ ఆపి చూశాను. అద్దాలు దించి చూశాను. అది మాత్రం పోలేదు.

ఏదో శబ్దం వస్తోంది, వింటున్నారా అని మావయ్యగారిని అడిగాను. ఆయన కళ్లు మూసుకుని, తల ఒక పక్కకి వాల్చి చాలాసేపు విన్నారు. ఏమీ లేదన్నారు. ఇంజను హాయిగా ఉందన్నారు. "నీ చెవిలో గుమిలి చేరిందేమో చూసుకో అమ్మాయ్" అన్నారు నవ్వుతూ.

నేను చూసుకున్నాను కూడా. ఇంటికెళ్లగానే కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి చెవిలో చుక్కలేసుకుని కూర్చున్నాను. ఎం.ఎస్సీ. చదివిన మనిషిని, కారుకి జబ్బు చేస్తే నా చెవికి వైద్యం చేసుకున్నాను. ఆయన చెవి తప్పని మా ఇంట్లో ఎవరికీ తోచేది కాదు.

ఆదివారం మా ఆయన వచ్చారు. బజారు దాకా కారు తీసి, రేడియో పెట్టుకుని నడిపారు. కూత సంగతి చెబితే, నాన్నగారు ఏమన్నారని ఒక్కటే అడిగారు. ఏమీ లేదన్నారని చెప్పాను. "మరింకేంటి?" అన్నారు. అదే సమయానికి మీటర్ల మధ్య బ్యాటరీ బొమ్మతో ఉన్న ఎర్ర లైటు ఒకసారి వెలిగి ఆరిపోయింది. వేలు పెట్టి చూపించాను. పాత బండి కదా, వైరు ఎక్కడో వదులై ఉంటుందని తేల్చేశారు. కారు తనంతట తాను లైటు వేసి మరీ మొత్తుకుంటోంది, మేము మాత్రం మావయ్యగారి మాట మీద నిలబడ్డాం.

నాకు మనసొప్పక షెడ్డుకి తీసుకెళ్లాను. దుర్గాసాయి కరెంటు కొలిచే మీటరు తీసి బ్యాటరీకి పెట్టి ఉంటే నిమిషంలో తేలిపోయేది. కానీ అతను అలవాటు ప్రకారం గురువుగారికి కబురు పంపాడు. ఆ రోజు పక్క కొట్లో ఇనప గేట్లు గ్రైండరు పెట్టి అరగదీస్తున్నారు, హోరుగా ఉంది. మావయ్యగారు వచ్చి ఇంజను మీదికి వంగారు. "టాపెట్లు కాస్త వదులయ్యాయి, అంతకన్నా ఏం లేదు" అన్నారు. దుర్గాసాయి టాపెట్లు సరిచేశాడు. తిరిగి వస్తుంటే దోమ కూత అలాగే ఉంది, కొంచెం పెరిగింది కూడా. మర్నాడు దుర్గాసాయితో మళ్లీ మొరపెట్టుకుంటే, "గురువుగారే లేదన్నాక నేనేం చెప్తానండి మేడంగారూ" అన్నాడు. ఇక నేనూ నోరు మూసుకున్నాను.

పౌర్ణమికి ఇంకో పది రోజులుందనగా రాజమండ్రిలో కచేరీ. అయిపోయి రోడ్డు కం రైలు బ్రిడ్జి ఎక్కేటప్పటికి రాత్రి ఎనిమిది దాటింది. ఎర్ర లైటు ఆరకుండా వెలుగుతోంది. కూత ఇప్పుడు దోమ కూత కాదు, సుద్దముక్క బోర్డు మీద కీచుమన్నట్టుంది, నా పళ్లు జివ్వుమంటున్నాయి. పక్కన మావయ్యగారు వేళ్లతో తొడ మీద తాళం వేసుకుంటూ, పూజిత కచేరీ మొదలుపెట్టే వర్ణం ఏ కాలంలో ఎత్తుకుంటే బావుంటుందో చెబుతున్నారు. హెడ్‌లైట్లు పచ్చబడ్డాయి. హారన్ కొడితే గొంతు పట్టేసినట్టు పలికింది. బ్రిడ్జి సగంలో ఇంజను ఆగిపోయింది. తాళం తిప్పితే టక్కుమని ఊరుకుంది.

వెనక బళ్లు ఆగిపోయాయి. కింద రైలు పోతుంటే బ్రిడ్జంతా అదిరింది. "గూడ్సు" అన్నారు మావయ్యగారు, అది బాగానే వినపడింది ఆయనకి. అంతలో వెనక నుంచి మోటార్‌సైకిల్ మీద ఒక జంట వచ్చి ఆయన కిటికీ పక్కన ఆగారు. సాయం చేద్దామనే ఆగారు పాపం.

"ఏంటండీ ఆ కూత! బ్రిడ్జి మొదట్నుంచీ మీ వెనకే వస్తున్నాం, చెవులు చిల్లులు పడిపోయాయి. కార్లో కూర్చుని మీకెలా వినపడలేదండీ?" అన్నాడు అతను.

మావయ్యగారు నా వైపు తిరిగారు. "ఏ కూత?" అని అడిగారు.

ఆయన నా మొహంలోకి కాసేపు చూశారు. తర్వాత వెనక్కి వంగి వయొలిన్ పెట్టె తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు, గోదావరి వైపు తిరిగి కూర్చున్నారు. వర్ణం సంగతి ఇక ఎత్తలేదు.

ఆ క్షణంలో నాకు జాలి కలగలేదు. అదే నన్ను ఇప్పటికీ కాల్చుకు తింటోంది. నాకు సంతోషం వేసింది. హమ్మయ్య, నా చెవి మంచిదే, ఇన్నాళ్లూ నేను విన్నది నిజమే అనిపించింది. ఆ సంతోషంలో శ్రావణ శుక్రవారం నాటి కచ్చ కూడా ఉంది. అంతటి మనిషి పక్కన కూర్చుని ఏం పోగొట్టుకున్నానా అని తడుముకుంటుంటే, నేను లోపల్లోపల గెలిచినట్టు కూర్చున్నాను.

ఆ జంటా ఇంకో నలుగురూ కలిసి కారుని బ్రిడ్జి దాటించారు. దుర్గాసాయి వేరే బ్యాటరీ తెచ్చి తగిలించి బండిని షెడ్డుకి చేర్చాడు.

మర్నాడు పొద్దున్న నేనూ మావయ్యగారూ వెళ్లాం. దుర్గాసాయి ఈసారి పెద్ద స్క్రూడ్రైవరు కొసని డైనమోకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. వెంటనే మొహం చిట్లించాడు. డైనమో బేరింగులు అరిగిపోయాయని, లోపల కరెంటు తయారవడం ఆగిపోయాక బండి బ్యాటరీలో ఉన్నది తాగి నడిచిందని చెప్పాడు. రిపేరు చేసినది వద్దు, కొత్తదే వెయ్యమన్నాను. బ్యాటరీ తీగ ఊడదీశాడు, బెల్టు వదులు చేసి తప్పించాడు, బోల్టులు విప్పి పాత డైనమోని బయటికి లాగాడు. కొబ్బరికాయంత ఉంది. చేత్తో దాని చక్రం తిప్పితే గరగరలాడింది.

మావయ్యగారు బయట రోడ్డు వారన, మాకు వీపు పెట్టి నిలబడి ఉన్నారు. ఆ పూట పక్క కొట్టు తెరవలేదు. గ్రైండరు లేదు, నిశ్శబ్దంగా ఉంది.

"ఇంత అరిచిందాన్ని గురువుగారు ఏం లేదన్నారేంటండీ?" అన్నాడు దుర్గాసాయి. అతనికి నిజంగానే అర్థం కాలేదు.

ఒక్క ముక్క చాలు. ఆ రోజు గ్రైండరు హోరులో తెలిసి ఉండదు అంటే సరిపోయేది. ఆ మాట నా నాలిక చివరే ఉంది. నేను గొంతు తగ్గించి, "ఆయనకి వినపడట్లేదు దుర్గాసాయీ. సన్న శబ్దాలు అస్సలు తెలియట్లేదు" అన్నాను. నాకే తెలిసిన రహస్యం ఒకరికి చెబుతున్నట్టు చెప్పాను.

మావయ్యగారు వెనక్కి తిరగలేదు. కాసేపాగి మెల్లగా లోపలికి వచ్చి, పాత డైనమోని ఇలా ఇమ్మని అడిగి తీసుకున్నారు. మసి అంటుతుందని దుర్గాసాయి అంటున్నా వినలేదు. వేళ్లతో దాని చక్రాన్ని నెమ్మదిగా తిప్పారు, ఆపారు, మళ్లీ తిప్పారు.

"ఇసక తగులుతోంది" అన్నారు. "ముట్టుకుంటే తెలుస్తోంది."

తిరిగి ఇచ్చేసి, నూనె మసి కండువాకి తుడుచుకున్నారు. కొత్తది బిగించాక దుర్గాసాయి బెల్టు మీద బొటనవేలు నొక్కి చూసి, ఇంజను వేసి, ఈసారి మీటరు కూడా పెట్టి చూశాడు. ఎర్ర లైటు ఆరిపోయింది. కారు కొత్త పెళ్లికూతురిలా కిక్కురుమనకుండా నడిచింది. దారిలో మావయ్యగారు, ఇప్పుడు బాగుందా అమ్మా అని అడిగారు. బాగుందండి అన్నాను.

దుర్గాసాయి చెడ్డవాడు కాదు, కడుపులో మాట దాగదు అంతే. రెండు మూడు రోజుల్లో ఊరంతా పాకింది. పూలు తెచ్చే అమ్మాయి, తాతగారికి చెవుడొచ్చిందటగా అమ్మా అని అడిగింది. ఒక గుడి కమిటీ వాళ్లు ఫోన్ చేసి, గురువుగారికి ఒంట్లో బాగుండట్లేదటగా, ఈ ఏటికి విశ్రాంతి తీసుకోమనండి అన్నారు. చివరికి పూజిత వాళ్ల నాన్న రమేష్ బాబుగారు వచ్చారు. బట్టల కొట్టు ఉంది ఆయనకి, మర్యాదస్తులు. కుర్చీ అంచున కూర్చుని, పౌర్ణమి లోపల పిల్లని రాజమండ్రిలో ఇంకొకరికి కూడా ఒకసారి వినిపిద్దామనుకుంటున్నానని నసిగారు. ఆయన మావయ్యగారితో అవసరానికి మించి గట్టిగా మాట్లాడుతున్నారు.

"తప్పకుండా వినిపించండి. నాలుగు చెవుల్లో పడితే మంచిదే కదా" అన్నారు మావయ్యగారు. కాఫీ ఇవ్వమని నాకు చెప్పారు.

రమేష్ బాబుగారు వెళ్లాక వంటింట్లోకి పోయాను. మా అత్తగారు సీతారామలక్ష్మిగారు దీపాల కోసం ఉసిరికాయలకి పైన గుంట చేస్తున్నారు. ఊళ్లో ఈ మాట నా వల్లే పుట్టిందని చెప్పేశాను. ఆవిడ చాకు ఆపలేదు.

"నాకు తెలుసే. మూడేళ్లుగా తెలుసు" అన్నారు. "కుక్కరు కూత ఆయనకి వినపడదు, నేను లేస్తాను. ఫోను మోగితే, ఫోనండీ అంటాను. తన వయొలిన్ అంటావా, అది గుండెకి ఆనుకుని ఉంటుంది, ఎముకల్లోంచి తెలిసిపోతుంది. పిల్లలది వేళ్లు చూసి దిద్దుతారు. చెవిని మించిన కన్ను ఆయనది."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే నిజమైపోతుందని" అన్నారు. "నీకు చెప్పి ఉంటే షెడ్డులో నోరు కట్టుకునేదానివి. నాదీ తప్పే."

తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ మూడేళ్లు కొంగు చాటున దాచుకొచ్చినదాన్ని నేను ఒక్క మాటతో బజారున పడేశాను, పైగా ఆవిడే తప్పు పంచుకుంటున్నారు. ఆ ఆదివారం మా ఆయన చెవి డాక్టరు సంగతి ఎత్తితే, పౌర్ణమి కానియ్యండి చూద్దాం అన్నారట మావయ్యగారు. నేను ఆ గదిలోకి వెళ్లలేదు. ఆయన ఎదురుపడితే పక్కకి తప్పుకుంటున్నాను. వీపు తిప్పి నిలబడ్డ ఆ మనిషికి నా మాట వినపడిందో లేదో తెలియక చచ్చిపోతున్నాను. వినపడి ఉండదులే అని ధైర్యం చెప్పుకోవడం, ఛీ, ఆయన చెవిటివాడైతే నాకు మేలన్నట్టు ఆలోచిస్తున్నానే అని సిగ్గుపడటం.

పౌర్ణమి ముందు రోజు పూజిత వచ్చింది. రాజమండ్రిలో ఎవరో విని బాగుందన్నారట. అయినా గురువుగారి ముందు ఒకసారి వాయించకుండా వేదిక ఎక్కనని వాళ్ల నాన్నతో చెప్పి వచ్చింది. సావిట్లో చాప వేసుకుని, శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని వయొలిన్ శ్రుతి సరిచేసుకుంటోంది. నేను గుమ్మం పక్క నుంచి జారుకోబోతుంటే మావయ్యగారు పిలిచారు.

"హైమా, ఇలా వచ్చి కూర్చో. పనుందా?"

లేదన్నాను. ఆయన కుర్చీ పక్కన కింద కూర్చున్నాను. పూజిత మోహన రాగంలో వర్ణం ఎత్తుకుంది. చక్కగా వాయిస్తోంది. మావయ్యగారు ఆ పిల్ల ఎడమ చేతి మీంచి చూపు తిప్పడం లేదు. అత్తగారు చెప్పింది ఇప్పుడు కళ్లారా చూస్తున్నాను. రెండోసారి చరణం దగ్గరికి వచ్చేసరికి గాంధారం రవ్వంత దిగింది. చాలా కొంచెం. తెలియనివాళ్లకి తెలియదు. ఇన్నేళ్లూ ఆ సావిట్లో పాఠాలు వింటూ వచ్చిన నాకు తెలిసింది.

వయొలిన్ కమాను ఆగాక మావయ్యగారు నా వైపు తిరిగారు. "గాంధారం ఎలా ఉందమ్మా?"

ఈ మనిషిని ఇంకోసారి ఓడించలేను అనుకున్నాను. అబద్ధమైనా సరే, ఈసారి ఆయన పక్షాన ఉంటాను అనుకున్నాను.

"బాగుందండి మావయ్యగారూ. సరిగ్గా ఉంది."

మావయ్యగారు పూజిత వేలి వైపు ఒకసారి చూశారు.

"వేలు నూలుపోగంత వెనకుంది. నా కంటికే తెలుస్తోంది" అన్నారు. గొంతులో కోపం లేదు. "దుర్గాసాయికి చెప్పినట్టే నాకూ నిజం చెప్పమ్మా. నాకు ఇప్పుడు అదే కావాలి."

నేల నన్ను మింగేస్తే బాగుండుననిపించింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. క్షమించమని అడగబోతే ఆయన చెయ్యెత్తి ఆపారు. పూజిత ఎదురుగా ఉంది, రేపు కచేరీ ఉంది.

"దిగిందండీ" అన్నాను.

"ఎంత దిగింది?"

ఎంతని చెప్పను? అది కొలతకి అందేది కాదు.

"పాడి చూపించు" అన్నారు.

కొత్త కోడలిగా ఆ ఇంట్లో మూసిన నోరు. ఒకసారి దగ్గి, శ్రుతిపెట్టెకి గొంతు కలిపి, గాంధారం అందుకున్నాను. మొదట వణికింది, తర్వాత నిలబడింది.

"అదీ. అక్క పాడిన చోట పెట్టు వేలు" అన్నారు మావయ్యగారు పూజితతో.

పూజిత వేలు జరిపి కమాను లాగింది. ఈసారి ఆయన ఆ పిల్ల చేతివైపు చూడలేదు. సరిపోయిందా అన్నట్టు నా మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. నేను తలూపేదాకా అలాగే చూశారు.